పద్దెనిమిది ట్రాములు

బట్టల సవరింపు షాపు, వెనక గది
జనవరి 19

ఒరేయ్ తమ్ముడూ,

ఫోన్‌లో నీ నోట "ఊ", "ఆ", "సరే పెట్టేస్తున్నా" తప్ప నాలుగో మాట రాదు గనక కాగితం పట్టుకున్నాను. కాగితం మీదైతే నువ్వు కాస్త మనిషిలా మాట్లాడతావు. నా ఎదురుగా పదకొండు ప్యాంట్లు వేలాడుతున్నాయి, అన్నిటికీ కిందంచు మడిచి కుట్టాలి. వాటిని పక్కన పెట్టి రాస్తున్నాను కాబట్టి శ్రద్ధగా చదువు.

నడిపిదానికి ఓ పిచ్చి పుట్టింది. మనం ముగ్గురం, అంటే నేనూ అదీ నువ్వూ మాత్రమే, రెండు రోజులు పరాయి దేశం వెళ్ళి రావాలట. మొగుళ్ళూ పెళ్ళాలూ పిల్లలూ ఎవరూ వద్దట. శుక్రవారం సాయంత్రం చేరడం, ఆదివారం సాయంత్రం తిరుగు రైలు. "నీ పెళ్ళయ్యాక మనం ముగ్గురమే ఒక గదిలో పడుకున్నది ఎప్పుడో చెప్పు అక్కా" అని అడిగింది. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

ఊరు కూడా తనే ఎంచింది. సరిహద్దు దాటగానే వస్తుంది. నది ఉంది, గడియార స్తంభం ఉంది, వీధుల్లో ట్రాములు తిరుగుతాయి. నీకు రైల్లో ఐదు గంటలు, మాకు ఆరు. టిక్కెట్లు కొనేసింది, ఫిబ్రవరి ఆఖరు శుక్రవారానికి. తన కళ్ళజోళ్ళ షాపుకు తాళం వేసి అది ఎక్కడికైనా వెళ్ళడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఎందుకూ అని నన్నడక్కు. పిచ్చి అన్నాను కదా.

లిఫ్టులు చెడిపోతాయి, డ్యూటీ ఉంది అని వంకలు పెట్టకు. నువ్వు లేకపోతే రెండు రోజులు జనం మెట్లెక్కుతారు, ఆరోగ్యానికి మంచిది. రానని మాత్రం అనకు. ఈ ఒక్కసారికి నా మాట విను.

అక్క


లిఫ్టు మరమ్మతుల డిపో, రెండో అంతస్తు
జనవరి 30

అక్కా,

వస్తున్నాను. సెలవు అడిగితే మా సూపర్వైజరు నన్ను ఎగాదిగా చూసి, "నీకు అక్కచెల్లెళ్ళు కూడా ఉన్నారా" అన్నాడు. నేను ఆకాశం నుంచి ఊడిపడ్డానని అనుకుంటున్నాడు కాబోలు.

చిన్నక్క మొన్న ఫోన్ చేసింది. నా కళ్ళజోడు నంబరు చదివించుకుంది. నాలుగేళ్ళుగా అదే పెట్టుకుని తిరుగుతున్నానని తెలిసి పది నిమిషాలు తిట్టింది. లిఫ్టు గూట్లో తీగలు సరిగ్గా కనపడక చేతులు కాల్చుకుంటే తనకు సంబంధం లేదట. "ఒక్కసారి వచ్చి ఆ అక్షరాల అట్ట ముందు కూర్చోరా" అని ఎన్నేళ్ళుగానో అంటోంది కదా. ఈసారి నా చేత ఇక్కడే కళ్ళ పరీక్ష చేయించి, కొత్తది చేసి తెస్తానంది.

ఒక సంగతి అడగాలి. నాన్న రూలు పరాయి దేశంలో కూడా అమల్లో ఉంటుందా? నాకు ఆరేళ్ళప్పుడు ఎగ్జిబిషన్లో తప్పిపోయాను, గుర్తుందా? తప్పిపోయినవాళ్ళు ఉన్నచోటే నిలబడాలి, ఏడవకూడదు, కదలకూడదు, వెతికేవాళ్ళే వస్తారు అని నాన్న ఇంటి దగ్గరే మన ముగ్గురి చేతా వల్లె వేయించి తీసుకెళ్ళాడు. రంగులరాట్నం పక్కన కదలకుండా నిలబడ్డాను. ఎవరో బెలూన్ ఇస్తానన్నా కదల్లేదు. మీరంతా మైకు దగ్గరికి పరిగెత్తితే, చిన్నక్క ఒక్కతే వరసలన్నీ తిరిగి నన్ను పట్టుకుంది. దానికప్పుడు తొమ్మిదేళ్ళు. చెవి మెలేసి మరీ తీసుకొచ్చింది.

పరాయి ఊళ్ళో మన ఇద్దరి ఫోన్లూ పనిచెయ్యవట, తనది ఒక్కటే పనిచేస్తుందట. కాబట్టి రూలు గుర్తుపెట్టుకో.

తమ్ముడు


లిఫ్టు మరమ్మతుల డిపో, రెండో అంతస్తు
మార్చి 6

అక్కా,

మీరిద్దరూ క్షేమంగా చేరారని బావ మెసేజి పెట్టాడు. సంతోషం. ఇక నా గోడు విను.

ఆదివారం సాయంత్రం రైలు మానేసి నేను మధ్యాహ్నం రైలుకే వచ్చేశానని నువ్వు మొహం మాడ్చుకున్నావు. నువ్వే చెప్పు, నా స్థానంలో ఉంటే ఏం చేసేదానివి? శనివారం గడియార స్తంభం ఎక్కుదామంటే, మూడు వందల మెట్లనేసరికి చిన్నక్క నీళ్ళు నమిలింది. లిఫ్టు లేదా అని అడిగింది. వారమంతా లిఫ్టుల్లో చచ్చేవాణ్ణి పట్టుకుని సెలవు రోజున లిఫ్టు ఏమిటి? "నువ్వు ఎక్కి రా, నేను కిందే ఉంటా" అంది. నువ్వేమో సందులో గుండీల షాపు కనపడిందని మాయమయ్యావు. నేను దిగి వచ్చేసరికి కింద ఒక్కరూ లేరు.

తప్పిపోయాననుకున్నాను. స్తంభం కిందే ట్రాము స్టాపు ఉంటే అక్కడ నిలబడ్డాను. రెండింటి నుంచి ఐదింటి దాకా. ముప్పై ఎనిమిదేళ్ళవాణ్ణి, తల నెరుస్తున్నవాణ్ణి, నాన్న చెప్పాడని అంగుళం కదలకుండా నిలబడ్డాను. తీరా తేలిందేమిటి? తప్పిపోయింది నువ్వే అనుకుని నువ్వు గుండీల షాపు గుమ్మంలో నిలబడ్డావు. ఆవిడగారు తోటలో బెంచీ మీద కూర్చున్నారు. ముగ్గురం తప్పిపోయాం, ముగ్గురం రూలు పాటించాం, వెతకడానికి మాత్రం ఎవరూ లేరు. మీ ఇద్దరికీ నవ్వొచ్చింది. నాకు రాలేదు.

ఐదింటికి చిన్నక్క తాపీగా నడిచొచ్చి, "ఎంతసేపయిందిరా నిలబడి" అంది. ఎక్కడ చచ్చావని అరిచాను, ఆ మాట ఒప్పుకుంటాను. "కాళ్ళు లాగితే కూర్చున్నానురా" అంది. అంతే. చేతిలో పనిచేసే ఫోనుంది, మనం వెళ్ళేటప్పుడు పోలీసు నంబరు కూడా రాసుకుంది, మూడు గంటలు కూర్చుందట. ఉన్నవే రెండు రోజులు. అందులో ఒక పూట గాలికి పోయింది.

ఇక ఆ కళ్ళజోడు. శనివారం పొద్దున బయల్దేరేటప్పుడు పెట్టుకో పెట్టుకో అని ప్రాణం తీసింది. ఆ ఫ్రేము చూశావుగా, పెట్టుకుంటే రిటైరైన హెడ్మాస్టరులా ఉంటాను. సంచి అడుగున పడేశాను. ఇప్పటికీ అక్కడే ఉంది.

స్టేషన్లో "ఇంకెప్పుడూ నీతో ఎక్కడికీ రాను" అన్నాను. అన్న మాట వెనక్కి తీసుకోను. తప్పు తనది. తనే మాట్లాడాలి.

తమ్ముడు


బట్టల సవరింపు షాపు
మార్చి 15

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివాను. దానికి చూపించలేదు.

నీ కోపంలో న్యాయం లేదని అనను. మూడు గంటలు నిలబడితే నాకూ మోకాళ్ళు పట్టేశాయి. కానీ ఒక పని చెయ్యి. దానికో ఫోన్ చెయ్యి. సారీ చెప్పక్కర్లేదు. "కళ్ళజోడు పెట్టుకున్నాను, బాగా కనపడుతోంది" అను చాలు. అబద్ధమైనా ఫరవాలేదు.

కారణం అడక్కు. పెద్దదాన్ని చెబుతున్నాను.

అక్క


డిపో
ఏప్రిల్ 2

అక్కా,

చిన్నప్పటి నుంచీ ఇదే వరస. తప్పు ఎవరిదైనా "చిన్నవాడివి, నువ్వే తగ్గు" అంటావు. ఈసారి తగ్గను. నేను ఉన్నచోటే ఉంటాను. కావాలంటే వెతుక్కుంటూ తననే రమ్మను.

తమ్ముడు


ఇల్లు
జులై 11

అక్కా,

చిన్నక్క అంత్యక్రియల రోజు నీతో మాట్లాడకుండా వచ్చేశాను. నోరు తెరిస్తే అందరి ముందూ ఏం అనేస్తానోనని భయపడ్డాను. ఇప్పుడు అంటాను.

నీకు తెలుసు.

దాని షాపులో కౌంటరు దగ్గర కూర్చునే అమ్మాయి నన్ను పక్కకు పిలిచి ఏడ్చింది. "మేడమ్ డిసెంబరులోనే మాకు చెప్పారండీ, షాపు ఎవరికి అప్పగించాలో కూడా రాసి పెట్టారు" అంది. డిసెంబరు. నువ్వు నాకు జనవరిలో ఉత్తరం రాశావు. "పిచ్చి పుట్టింది" అని రాశావు. ఆ ఉత్తరం నా దగ్గరే ఉంది, నిన్న మళ్ళీ చదివాను. కడుపులో గడ్డ పెట్టుకుని, డాక్టరు వేసవి దాటదని చెప్పేశాక వచ్చిన మనిషిని నేను మూడు వందల మెట్లు ఎక్కమన్నాను. ఎక్కలేనంటే "అప్పుడే ముసలిదానివైపోయావు, నీతో ఊళ్ళు చూడటం కంటే ఇంట్లో గోడ చూస్తూ కూర్చోవడం నయం" అన్నాను. అప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు. సంచిలో గుండీ వెతుక్కుంటూ తల దించుకున్నావు. ఒక్క మాట అనలేకపోయావా?

షాపులో కూలికి పనిచేసే పిల్లకు తెలుసు. తన తోడబుట్టినవాడికి తెలియదు.

ఇంకో సంగతి, ఇది నేను దాచింది. మే పదో తారీఖున చిన్నక్క నాకు ఫోన్ చేసింది. లిఫ్టు పెట్టె మీద కూర్చుని తీగలు మారుస్తున్నాను. చేతులకు గ్రీజు ఉంది నిజమే, కానీ దాని పేరు చూశాను. తుడుచుకుని ఎత్తొచ్చు. ఎత్తలేదు. కోపం ఇంకా పోలేదని దానికి తెలియాలనుకున్నాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు.

నేను దానితో ఆఖరుగా అన్న మాట "ఇంకెప్పుడూ నీతో ఎక్కడికీ రాను". ఆ మాట దాని చెవిన పడిందా? నేను రైలు మెట్టు మీద ఉన్నాను, తను నవ్వినట్టు కనపడింది. ఆ పాత కళ్ళజోడులోంచి సరిగ్గా కనపడలేదు. ఆ ఫోన్ ఎందుకు చేసింది? నీకు తెలిస్తే నిజం రాయి. తెలియకపోతే రాయకు. ఊరడించడానికి మాత్రం ఏమీ రాయకు.

నువ్వు ఫోన్ చేసినా ఎత్తను.

తమ్ముడు


బట్టల సవరింపు షాపు, వెనక గది
జులై 29

తమ్ముడూ,

రెండు వారాల్లో నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఈసారి చింపను.

అవును, నాకు తెలుసు. డిసెంబరులో రిపోర్టులు తీసుకుని అది తిన్నగా నా షాపుకే వచ్చింది. ఇస్త్రీ బల్ల మీద పరిచింది. నాకు అర్థం కాకపోతే, కళ్ళ నంబరు చెప్పినంత మామూలుగా చెప్పింది. తర్వాత నా చేత ఒట్టు వేయించుకుంది. "వాడికి తెలిస్తే నన్ను రోగిష్టిదాన్ని చూసినట్టు చూస్తాడు. అడుగడుక్కీ చెయ్యి పట్టుకుంటాడు. నాకు రెండు రోజులు వాడితో మామూలుగా పోట్లాడాలని ఉంది" అంది. ఒట్టు వేశాను. వెయ్యకుండా ఉండాల్సింది. వేసినా తప్పి ఉండాల్సింది. ఈ మాట నువ్వనకముందు నుంచే రోజుకు పదిసార్లు నన్ను నేను అనుకుంటున్నాను.

అది ఎంత చిక్కిపోయిందో నీకు తెలియకపోవడానికి కారణం కూడా నేనే. జనవరి అంతా కూర్చుని దాని కోట్లు రెండూ విప్పి కుట్టాను. భుజాల్లో మెత్త పెట్టాను, నడుము దగ్గర రెండు పొరల అస్తరు వేశాను, మెడ మూసుకునేలా కాలరు పెంచాను. అద్దంలో చూసుకుని "నువ్వు దొంగనోట్లు అచ్చు వేసినా దొరకవే అక్కా" అంది. ఇరవై ఆరేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. అంత బాగా ఏదీ కుట్టలేదు, అంత చెడ్డపనికీ నా సూది వాడలేదు. నువ్వు ముసలిదానివన్నప్పుడు తల దించుకున్నది గుండీ కోసం కాదు.

ఇప్పుడు శనివారం సంగతి. ఇది నువ్వు అడగలేదు, కానీ నీది.

నువ్వు స్తంభం ఎక్కగానే దానికి నొప్పి వచ్చింది. రోడ్డు దాటి తోటలో మొదటి బెంచీ మీద కూర్చుంది, మాత్ర వేసుకుంది. కాసేపటికి నువ్వు దిగి వచ్చావు. అటూ ఇటూ చూశావు. నేరుగా దాని వైపే చూశావట, కానీ నీకు కనపడలేదు. పిలుద్దామనుకుంటే గొంతులో బలం లేదు. చెయ్యి ఊపింది. నువ్వు కళ్ళు చిట్లించి చూసి తల తిప్పేసుకున్నావు. తర్వాత ట్రాము స్టాపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డావు.

ఓ అరగంటకు నొప్పి తగ్గింది. లేచి రావచ్చు, రోడ్డుకు అవతలే కదా. రాలేదు. ఆ రాత్రి నువ్వు గోడవైపు తిరిగి పడుకున్నాక నాకు చెప్పింది. "వాడు రంగులరాట్నం దగ్గర నిలబడ్డట్టే నిలబడ్డాడే అక్కా. బొత్తిగా మారలేదు. వచ్చిన ప్రతి ట్రామూ వాడి కోసం ఆగుతోంది. డ్రైవరు తలుపు తెరుస్తున్నాడు. వీడు గుండెల మీద చెయ్యి పెట్టి, ఎక్కను బాబూ, క్షమించు అన్నట్టు తల వంచుతున్నాడు. పద్దెనిమిది ట్రాములు వచ్చాయి. పద్దెనిమిదిమందికీ అలాగే చెప్పాడు. ఒక్కడి మీద కూడా విసుక్కోలేదు. పిలిస్తే వచ్చేస్తాడు, వస్తే మళ్ళీ ఊరు చూపిస్తానని తిప్పుతాడు. నాకు ఊరు ఎందుకు? అలా చూస్తూ కూర్చున్నాను" అంది.

డ్రైవర్లకు నువ్వు అలా తల వంచిన సంగతి నీ ఉత్తరంలో లేదు. నాకూ చెప్పలేదు. కాబట్టి ఇది నేను అల్లింది కాదని నీకు తెలుస్తుంది. గాలికి పోయిన పూట అన్నావు. అది టిక్కెట్లు కొన్నది ఆ పూట కోసమే అయి ఉంటుంది, దానికే ముందు తెలియదు.

నీ ప్రశ్నలకు వస్తాను. స్టేషన్లో నువ్వన్న మాట వినపడింది. రైలు వెళ్ళేదాకా నవ్వుతూ చెయ్యి ఊపింది. "అమ్మయ్య, వాడికేమీ తెలియలేదు. తెలిస్తే అలా అనేవాడా" అంది. తర్వాత ప్లాట్‌ఫారం మీద కూర్చుని ఏడ్చింది. ఏడవలేదని రాస్తే నీకు తేలిగ్గా ఉంటుంది. కానీ ఊరడించొద్దన్నావు. చాలాసేపు ఏడ్చింది. నువ్వన్నదానికి కాదు, ఆ సగం పూట పోయినందుకు. "సాయంత్రం దాకా ఉంటాడనుకున్నానే" అంది.

మే పదిన ఫోన్ చేసినప్పుడు పక్కన నేనున్నాను. కళ్ళజోడు నంబరు సరిపోయిందో లేదో అడుగుతానంది. ఎత్తి ఉంటే అసలు సంగతి కూడా చెప్పేదేమో, చెప్పేది కాదేమో, నాకు తెలియదు. ఎత్తకపోతే "పనిలో ఉన్నట్టున్నాడు" అని ఫోన్ దిండు పక్కన పెట్టుకుంది. మళ్ళీ నువ్వే చేస్తావని చూసింది.

ఆఖరు వారంలో నీకు చెప్పేస్తానని దానితో దెబ్బలాడాను. సరే, ఆదివారం రమ్మను అంది. శుక్రవారమే పోయింది.

ఇంతకంటే నా దగ్గర దాచిందేమీ లేదు. నువ్వు క్షమించకపోతే నేనేమీ అనలేను. నువ్వు ఎత్తనన్నా రోజూ ఒకసారి ఫోన్ చేస్తాను. విసుక్కోకు.

అక్క


ఆ ఊరు, గడియార స్తంభం ఎదుటి తోట
అక్టోబరు 14, శనివారం

అక్కా,

ఇంకెప్పుడూ నీతో ఎక్కడికీ రానని దానితో అన్నాను కదా. ఆ మాట తప్పాను. నిన్న సాయంత్రం ఇక్కడికి వచ్చాను. అదే హోటలు, అదే మూడు మంచాల గది. ముగ్గురికి సరిపడా గది ఒక్కడికెందుకని కౌంటరులో అడిగారు. అద్దె మొత్తం కట్టి తాళం చెవి తీసుకున్నాను.

సంచి అడుగు నుంచి కళ్ళజోడు తీశాను. ఆ పొద్దున తను తెరిచి చూపించాక పెట్టె మళ్ళీ తెరవలేదు. లోపల తుడుచుకునే గుడ్డ మడతలో దాని చేతిరాతతో చీటీ ఉంది. "హెడ్మాస్టరుగారికి" అని రాసింది. ఆ ఫ్రేము చూసి నేనేమంటానో దానికి ముందే తెలుసు.

మధ్యాహ్నం రెండింటికి పెట్టుకుని వెళ్ళి ట్రాము స్టాపు దగ్గర అదే చోట నిలబడ్డాను. రోడ్డుకు అవతల బెంచీ చూశాను. దాని వెనక చెక్కల్లో ఒకటి విరిగింది, అది కనపడింది. దాని మీద ఒక ముసలాయన పేపరు చదువుకుంటున్నాడు. ఆయన చొక్కా పైగుండీ ఊడిపోయింది, అదీ కనపడింది. నా కోసం చేసిన అద్దాలు నేను ఆ పొద్దున ఒక్కసారి పెట్టుకుని ఉంటే చిన్నక్క చెయ్యి ఊపడం కనపడేది. నేను పరిగెత్తుకెళ్ళి పక్కన కూర్చునేవాణ్ణి. మొహం దగ్గర్నుంచి చూసేవాణ్ణి. నువ్వు ఎన్ని పొరల అస్తరు వేసినా మొహం తెలిసిపోయేది అక్కా.

ముసలాయన ఐదు నిమిషాల్లోనే లేచి వెళ్ళాడు, నేను వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాను. ట్రాములు లెక్కపెట్టాను. పద్దెనిమిదో ట్రాము వచ్చేసరికి ఐదు కావడానికి ఐదు నిమిషాలుంది. అంతసేపూ స్టాపు వైపే చూశాను. ఎవరెవరో వచ్చారు, ఎక్కి వెళ్ళిపోయారు. ఒక మనిషిని మూడు గంటలు అలా చూస్తూ కూర్చోవచ్చని నాకిప్పటిదాకా తెలియదు. వీధిలో జనం చూస్తున్నారని కూడా లేకుండా ఏడ్చాను.

నిన్ను క్షమించాననను. ఆ కోట్ల సంగతి తలుచుకుంటే ఇంకా కడుపు మండుతుంది. ఎప్పటికి ఆరుతుందో తెలియదు, ఆరుతుందో లేదో కూడా తెలియదు. నన్ను నేను క్షమించుకునే పని అసలు మొదలే పెట్టలేదు.

కానీ బెంచీ మీద కూర్చుని ఒకటి లెక్క వేశాను. ఎగ్జిబిషన్లో నన్ను వెతికింది చిన్నక్క. ఆ శనివారం, ఆలస్యంగానైనా, మన ఇద్దరినీ వెతికి కలిపింది చిన్నక్క. నువ్వూ నేనూ ఎప్పుడూ ఉన్నచోట నిలబడ్డవాళ్ళమే. జులై నుంచీ నువ్వు నీ షాపులో, నేను నా డిపోలో, నాన్న చెప్పినట్టు కదలకుండా నిలబడి ఉన్నాం. నీ ఫోన్ రోజూ సాయంత్రం మోగుతుంది. ఆగేదాకా చేతిలో పట్టుకుని కూర్చుంటున్నాను. ఇక మన కోసం వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు ఎవరూ లేరు.

రేపు సాయంత్రం మా ఊరి రైలు ఎక్కడం లేదు. మీ ఊరి రైలుకు టిక్కెట్టు మార్చుకున్నాను, రాత్రి పన్నెండింటికి చేరుతుందట. ఈ ఉత్తరం నాకంటే వెనక వస్తుందేమో, అయినా రాస్తున్నాను. స్టేషనుకు రావద్దు. దారిలో ఒకరికొకరం తప్పిపోతాం.

ఇంట్లోనే ఉండు. కదలకు. నేను వస్తున్నాను.

తమ్ముడు